జీరో చూసుకోండమ్మా

హైదరాబాద్ చంచల్‌గూడ జైలు దగ్గర జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంక్ ఉంది. అక్కడ పనిచేసేది ఖైదీలు, శిక్ష పూర్తయి బయటికొచ్చినవాళ్లు. ఆఫీసుకెళ్తూ అక్కడే పోయించుకుంటాను. మొదట్లో, ఇతనేం చేసి ఉంటాడో అని మొహాల్లో వెతికేదాన్ని.

మొన్న ఒకాయన, యాభై దాటి ఉంటాయి, "జీరో చూసుకోండమ్మా" అన్నాడు. నేను చూసి తలూపేదాకా పోయలేదు. చివరి బొట్టు కూడా ట్యాంకులోనే పడేలా పైపు దులిపి, మూత బిగించి, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టాడు.

బండి తీశానేగానీ మనసంతా మా బాబాయి మీదే. 2014లో నాన్న చీటీ డబ్బు లక్షన్నర వాడేసుకున్నాడు. తర్వాత కొంచెం కొంచెంగా తీర్చేశాడు కూడా. నాన్న ఎప్పుడో వదిలేశారు. నేనే, ఆయన ఇంటికొచ్చినప్పుడల్లా మంచినీళ్లు అక్కడ పెట్టి లోపలికెళ్లిపోయేదాన్ని. ఆ గ్లాసు తాగి, "ఉంటానమ్మా" అని గోడకి చెప్పినట్టు చెప్పి వెళ్లేవాడు. ఎన్నేళ్లు చేశానో ఆ పని!

ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. "ఏమైందమ్మా, నాన్న బాగున్నాడా?" అని కంగారుపడ్డాడు.

ఏం లేదు బాబాయ్, ఆదివారం భోజనానికి రా అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గోంగూర తెస్తాను, మా పెరట్లోదే" అన్నాడు.