ఏలకులు పండించే వాళ్ల ఇంట్లో

గ్వాటెమాలాలో ఉద్యోగం అనగానే సూర్యాపేటలో మావాళ్లు అడిగిన మొదటి మాట, "అది ఆఫ్రికాలోనా?" మెక్సికోకు కిందనే అని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. టైము తేడా పదకొండున్నర గంటలు. నేను రాత్రి అన్నానికి కూర్చునేసరికి అమ్మ పొద్దుటి చాయ్ పెడుతుంటుంది.

అందానికి కొదవ లేదు. ఆంటిగ్వా పాత రాజధాని. 1773 భూకంపానికి కూలిపోతే రాజధానిని ఇప్పటి గ్వాటెమాలా సిటీకి మార్చేశారు. కూలిన చర్చి గోడలు ఇంకా అట్లాగే ఉన్నాయి. రాత్రి మేడ ఎక్కితే ఫ్యూగో అగ్నిపర్వతం ఎర్రగా నిప్పులు చిమ్మడం కనిపిస్తుంది, టూరిస్టులు చప్పట్లు కొడతారు. 2018 జూన్ 3న అదే ఫ్యూగో సాన్ మిగెల్ లోస్ లోటెస్ అనే ఊరిని బూడిదలో పూడ్చేసిందని తెలిశాక నాకు చేతులు రాలేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఏలకుల సంగతి. వందేళ్ల కిందట ఒక జర్మన్ తోటల యజమాని మన దేశపు ఏలకుల మొక్కలను ఇక్కడి ఆల్టా వెరాపాస్ కొండల్లో నాటించాడు. ఇప్పుడు ఎగుమతుల్లో ఈ దేశం మనల్ని ఎప్పుడో దాటిపోయింది. ఎక్కువ సరుకు పోయేది అరబ్ దేశాలకే. మా ఆఫీసు కుర్రాడిది ఆ కొండల్లోని కోబాన్ పట్టణం దగ్గరి ఊరు. సెలవులకు రమ్మంటే వెళ్లాను. ఇంటి వెనక కట్టెల పొయ్యి మీద కాయలు ఎండబెడుతున్నారు, చొక్కాకు పట్టిన వాసన రెండు ఉతుకులకు కూడా పోలేదు. వాళ్ల వంటలో మాత్రం ఒక్క ఏలక్కాయ లేదు! సేమ్యా దొరికితే పాయసం కాచి పోశాను. "మా పాలన్నం లాగే ఉంది, మేం దాల్చిన చెక్క వేస్తాం" అన్నాడు కుర్రాడు.

ఆ కొండల్లో భూమి కథ కాఫీతో మొదలైంది. 19వ శతాబ్దం చివర్లో అక్కడి ఆదివాసులైన కెక్చీ మాయాల నేలలు జర్మన్ తోటల కిందికి పోయాయి, నేల గలవాళ్లే కూలీలయ్యారు. 1952లో అధ్యక్షుడు ఆర్బెన్స్ పెద్ద తోటల బీడు భూములు పేదలకు పంచడం మొదలుపెడితే, అరటి తోటల అమెరికా కంపెనీ యునైటెడ్ ఫ్రూట్‌కు మండింది. 1954లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ అండతో ఆయన్ను దించేశారు. 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం. రెండు లక్షల మందికి పైగా చనిపోయారు లేదా మాయమయ్యారు, అందులో అత్యధికులు మాయాలు. భూమి కోసం పారిన రక్తం గురించి సూర్యాపేట వాడికి ఒకరు విడమరచి చెప్పాలా?

సిటీలో మందుల షాపు ముందు కూడా తుపాకీ పట్టుకున్న కాపలావాడు ఉంటాడు. దానికి నెలలోపే అలవాటు పడ్డాను. అలవాటు పడలేనిది వేరే: ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు సగం మంది తిండి చాలక ఎదుగుదల లేనివాళ్లు. కుర్రాడి అన్న అమెరికాలో ఇళ్లకు రంగులు వేస్తాడు. ఆయన పంపే డబ్బుతోనే ఆ ఇంటికి రేకులు పడ్డాయి. దేశ ఆదాయంలో అయిదో వంతు అట్లా వచ్చేదే.

ఆ ఊరి నుంచి బయల్దేరేటప్పుడు కుర్రాడి అమ్మ హైదరాబాద్‌లో కిలో ఏలకులు ఎంతని అడిగింది. చెప్పాను. ఆవిడ వేళ్ల మీద లెక్క వేసుకుని కొడుకుతో కెక్చీలో ఏదో అంది. "ఆ మధ్యలో ఎంతమంది తింటున్నారో మీకు తెలుసా అని అడుగుతోంది అమ్మ," అన్నాడు వాడు.