ఒకే కళాశాల నుంచి ఇద్దరు ముఖ్యమంత్రులు

దత్తమండలాల కళాశాలగా 1916లో ప్రారంభమై, తరువాత ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలగా పేరు మార్చుకున్న మన అనంతపురం విద్యాలయం ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికి మొదటి ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చిందన్న సంగతి ఈ సంచిక చదివేవారిలో చాలామందికి తెలిసే ఉంటుంది. అయితే ఆ ఇద్దరినీ మనం సమానంగా తలచుకోవడం లేదన్నది నా అభిప్రాయం. నేను ఇక్కడ బి.ఏ.లో రాజనీతిశాస్త్రం చదివింది 1974-77 మధ్య. చదువు ముగిసిన వేసవిలోనే నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతి పదవికి పోటీ లేకుండా ఎన్నికయ్యారు. సహజంగానే ఆ రోజుల్లో కళాశాల ఆవరణలో ఎక్కడ నలుగురు చేరినా ఆయన మాటే నడిచింది. అప్పటికి అయిదేళ్ల క్రితమే కన్నుమూసిన దామోదరం సంజీవయ్య గారి ప్రస్తావన రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా ఆయన బీదరికం గురించే వచ్చేది, పాలన గురించి వచ్చేది కాదు.

ఆ ధోరణి నేటికీ మారలేదు. కర్నూలు దగ్గరి పెదపాడులో పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్న బాలుడు, కొడుకు ముఖ్యమంత్రి అయ్యాక కూడా పూరింట్లో కట్టెల పొయ్యి మీద వండుకున్న తల్లి, ఆ తల్లి అడిగిన ఒక ప్రశ్న వల్లనే వృద్ధాప్య పింఛను పుట్టిందనే ముచ్చట, ఇవే ప్రతి జయంతి సభలోనూ వినిపిస్తాయి. వాటిలో ఎంత నిజమో తేల్చడం నా పని కాదు. ఆయన నిరాడంబరతను ఎవరూ కాదనలేరు కూడా. కానీ పింఛను పథకం ఒక తల్లి కన్నీటిలోంచి ఊడిపడినట్లు చెప్పుకోవడం వల్ల, దాని వెనక ఒక పాలకుడి నిర్ణయం ఉందన్న విషయం మరుగున పడుతోంది. ఉత్తరప్రదేశ్ 1957లో ఈ పథకానికి దేశంలో నాంది పలికితే, 1960లో కేరళతో పాటు ఆంధ్రప్రదేశ్ దాన్ని అందుకుంది. రాష్ట్రం ఏర్పడి నాలుగేళ్లయినా నిండని కాలంలో, నాగార్జునసాగర్ నిర్మాణానికే ఖజానా చాలని స్థితిలో, దిక్కులేని వృద్ధులకు నెలనెలా సొమ్ము ఇవ్వడం ప్రభుత్వ బాధ్యత అని ఒప్పించడం తేలికైన పని కాదు.

ఆయన రాజకీయ ప్రస్థానం అసాధారణంగా వేగంగా సాగింది. మన కళాశాలలో పట్టం పుచ్చుకుని, చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, 1948లో మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేసి, 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు. అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యత్వం వచ్చింది. 1952లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో చేరేనాటికి ఆయన వయస్సు 31 సంవత్సరాలు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు, ఏ ఊళ్లో హైస్కూలు చదివారో ఆ ఊరికే ప్రకాశం పంతులు గారి మంత్రివర్గ సభ్యునిగా తిరిగి వచ్చారు. ఆ తరువాత బెజవాడ గోపాలరెడ్డి, సంజీవరెడ్డి ప్రభుత్వాలలోనూ కొనసాగారు. ముఖ్యమంత్రులు మారినా ఆయన స్థానం మారకపోవడానికి కారణం, ఏ ముఠాకూ ఆయన వల్ల భయం లేకపోవడమేనని నేను భావిస్తాను. ఆయనకు భూములు లేవు, వెనక నడిచే శాసనసభ్యుల గుంపూ లేదు.

ఆయనను ముఖ్యమంత్రిని చేసినదీ, ఎక్కువ కాలం ఉండనివ్వనిదీ ఆ లక్షణమే. సంజీవరెడ్డి గారు అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులుగా వెళ్లడంతో పదవి ఖాళీ అయింది. పార్టీలోని ప్రబల వర్గాలు ఒకరి మనిషిని మరొకరు ఒప్పుకోని పరిస్థితిలో, అందరికీ ఆమోదయోగ్యుడైన సంజీవయ్య గారు 1960 జనవరి 11న, 39 ఏళ్లు నిండడానికి ఇంకా నెల రోజులు ఉండగానే, ప్రమాణ స్వీకారం చేశారు. దళిత వర్గం నుంచి ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి కావడం దేశంలో అదే మొదటిసారి. మంత్రివర్గంలో బలవంతులంతా ఇతర వర్గాల వారే. ఏ బిల్లుకైనా తన సొంత బలం మీద కాక, వారి మన్నన మీద ఆధారపడవలసిన పరిస్థితి ఆయనది.

ఆ పరిమితులలో ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచేది అవినీతి నిరోధక శాఖ ఏర్పాటు. అంతవరకు నేరపరిశోధక విభాగంలో ఒక భాగంగా ఉన్న ఆ పనిని వేరుచేసి, 1961 జనవరి 2 నుంచి స్వతంత్ర శాఖగా నిలబెట్టారు. ఈనాడు లంచం తీసుకుంటూ పట్టుబడిన ఉద్యోగి వార్త పత్రికలో చదివేటప్పుడు, ఆ శాఖ ఎవరి హయాంలో పుట్టిందో గుర్తుచేసుకునేవారు అరుదు.

భూపరిమితి చట్టం మాత్రం అంత గర్వంగా చెప్పుకోదగినది కాదు. 1961లో వచ్చిన ఆ చట్టం భూమి రకాన్ని బట్టి 27 నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోనిచ్చింది. అంత ఉదారమైన పరిమితి పెట్టాక మిగులు భూమి ఎక్కడ తేలుతుంది? పెద్ద కమతాల యజమానులే అధికార పక్షంలో బలంగా ఉన్న శాసనసభ చేతుల మీదుగా వచ్చిన చట్టం అది. 1973లో మరింత కఠినమైన చట్టం తేవలసి రావడమే దాని వైఫల్యానికి రుజువు. ఆయన్ని దేవుణ్ణి చేసే వ్యాసాలు ఈ భాగాన్ని దాటవేస్తాయి. ఆయన అధికారానికి హద్దు ఎక్కడుందో చూపేది ఈ చట్టమే గనుక, నా దృష్టిలో దీన్ని తప్పక చదవాలి.

ఇక 1962 సంగతి. 1955లో ఆంధ్ర ప్రాంతానికి, 1957లో తెలంగాణకు విడివిడిగా ఎన్నికలు జరిగాయి కాబట్టి, రాష్ట్రమంతటికీ ఒకేసారి శాసనసభ ఎన్నికలు జరిగింది 1962లోనే. సంజీవయ్య గారు ముఖ్యమంత్రిగా ఉండగా జరిగిన ఆ ఎన్నికలలో 300 స్థానాలకు గాను కాంగ్రెస్ 177 గెలిచింది. గెలిచిన పార్టీ ఆయనను కొనసాగించలేదు. మార్చి 12న సంజీవరెడ్డి గారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. కొద్ది నెలలకు సంజీవయ్య గారు, సంజీవరెడ్డి గారు వదిలివచ్చిన కాంగ్రెస్ అధ్యక్ష పీఠం మీద కూర్చున్నారు. ఒకే కళాశాలలో చదివిన ఇద్దరు రెండు అత్యున్నత పదవులను ఇలా అటూ ఇటూ మార్చుకోవడం మరెక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు. దీనిని గౌరవంగా చెప్పుకోవడం మనకు అలవాటు. నిజానికి ఎన్నికలలో గెలిచిన ముఖ్యమంత్రిని మర్యాదగా పక్కకు తప్పించిన ఏర్పాటు అది. ఆ కుర్చీ సంజీవరెడ్డి గారికీ ఎక్కువ కాలం దక్కలేదు. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల దరిమిలా 1964 ఫిబ్రవరిలో రాజీనామా చేశారు. కోర్టు తన పదవిని తీసివేయకపోయినా తానే తప్పుకోవడం ఆయన గొప్పతనమని ఒప్పుకుని తీరాలి.

అదే ఏడాది సంజీవయ్య గారు లాల్ బహదూర్ శాస్త్రి ప్రభుత్వంలో కార్మిక శాఖ మంత్రి అయ్యారు. లాభం వచ్చినా రాకున్నా కార్మికుడికి కనీసం నాలుగు శాతం బోనస్ దక్కాలన్న 1965 నాటి బోనస్ చెల్లింపు చట్టం ఆయన హయాంలోనే వచ్చింది. ముఠాల లెక్కలు అంతగా అడ్డుపడని చోట ఆయన ఏమి చేయగలరో ఈ చట్టాన్ని భూపరిమితి చట్టం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 1971లో రెండోసారి పార్టీ అధ్యక్షుడై, ఆ పదవిలో ఉండగానే 1972 మే నెలలో, 51 ఏళ్ల వయస్సులో మరణించారు. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న ఉద్యానవనానికి ఆయన పేరు పెట్టారు.

సంచిక సంపాదకవర్గానికి ఒక విన్నపం. 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా జరిగిన శాసనసభ చర్చల సంపుటాలను సంపాదించి మన కళాశాల గ్రంథాలయంలో ఉంచే ప్రయత్నం చేయండి. భూపరిమితి బిల్లు మీద ఎవరెవరు ఏమేమి సవరణలు అడిగారో, ముఖ్యమంత్రి వాటిలో దేనికి తలొగ్గారో, దేనికి ఒప్పుకోలేదో మన విద్యార్థులు స్వయంగా చదువుకోవడానికి వీలవుతుంది.