ఏఈ ప్రిపరేషన్: కూలింగ్ టవర్ నీటి లెక్కే నాకు దారి చూపింది

విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కోలో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) మెకానికల్ ఉద్యోగాల తుది జాబితాలో నా నంబరు చూసుకున్నాను. ఇంటిల్లిపాదికీ పండగే. సిలబస్, పేపరు తీరు మీకు తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. పవర్ ప్లాంట్ సబ్జెక్టు నాకు ఎక్కడ పట్టుబడిందో మాత్రం చెబుతాను.

చాలా మెటీరియల్స్‌లో, టర్బైన్ ఆవిరిని నీరుగా మార్చే కండెన్సర్‌లో వేడెక్కిన నీటిని చల్లార్చే కూలింగ్ టవర్‌కు అరపేజీ మించి ఉండదు. నేను తెల్లకాగితం తీసుకుని మొదటినుంచి లెక్క కట్టాను. వెయ్యి కిలోల నీరు 10 డిగ్రీలు చల్లబడాలంటే 41,800 కిలోజౌళ్ల వేడి పోవాలి. కిలో నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్లు తీసుకుపోతుంది. వేడంతా ఆవిరితోనే పోతుందనుకుంటే 17.4 కిలోల నీరు ఖర్చు. తడి టవర్‌లో ఇది తప్పదు. మన చేతిలో ఉన్నది బ్లోడౌన్. పులుసు మరిగేకొద్దీ ఉప్పు ఎక్కువైనట్లు, మిగిలిన నీటిలో లవణాలు పెరుగుతాయి. కొంత నీరు బయటికి వదలాల్సిందే; అదే బ్లోడౌన్. సైకిల్స్ ఆఫ్ కాన్సెంట్రేషన్ (కొత్తగా పోసే నీటికన్నా టవర్ నీటిలో లవణాలు ఎన్ని రెట్లో చెప్పే అంకె) 3 అయితే వదిలేది 8.7 కిలోలు, 5 అయితే 4.4, 10 అయితే 1.9. మొదటి మెట్టులో దక్కినంత ఆదా తర్వాత దక్కదు. పైగా సైకిల్స్ మరీ పెంచి కండెన్సర్ ట్యూబుల్లో లవణాల పొలుసు కడితే వాక్యూమ్ పడిపోయి బొగ్గు ఖర్చు పెరుగుతుంది. ఇది అర్థమయ్యాక కండెన్సర్, బ్లోడౌన్, నీటి శుద్ధి ప్రశ్నలన్నీ ఒకే తాటిపైకి వచ్చాయి.

మిగతావి త్వరగా అయిపోతాయి. 2015 డిసెంబరు పర్యావరణ శాఖ నోటిఫికేషన్ ప్రకారం పాత ప్లాంట్లకు నీటి వాడకం పరిమితి మెగావాట్ అవర్‌కు 3.5 ఘనపు మీటర్లు; 2018 సవరణతో కొత్తవాటికి 3. 50 కిలోమీటర్లలోపు మురుగునీటి శుద్ధికేంద్రం ఉంటే ప్లాంటు ఆ శుద్ధిచేసిన నీరు వాడాలన్న 2016 టారిఫ్ పాలసీ నిబంధన, విశాఖ దగ్గరి సింహాద్రి ప్లాంటులో సముద్రపు నీరు, జార్ఖండ్‌లోని ఉత్తర కరణ్‌పురా ప్లాంటులో గాలితో చల్లబరిచే కండెన్సర్ చూసుకోండి.

రెండు మార్కుల కోసం ఇంత సమయమా అని రూమ్‌మేట్లు అడిగేవారు. 500 మెగావాట్ల యూనిట్ పూర్తి లోడులో నడిస్తే మెగావాట్ అవర్‌కు 3 ఘనపు మీటర్ల చొప్పున రోజుకు 3.6 కోట్ల లీటర్ల నీరు. ఆ నీరు నదిదో, రిజర్వాయరుదో, దిగువన రైతులున్నారు. రేపు ఆ కంట్రోల్ రూమ్‌లో కూర్చునేది మనమే అయినప్పుడు దీన్ని రెండు మార్కులుగా ఎలా చూడగలం? రోజూ పెందలాడే లేచి, ఫోను పక్కన పెట్టి, ఒక్క సమస్యనైనా చివరిదాకా చేయండి. ఇతరుల షార్ట్ నోట్సు మీ చేతిరాతకు సాటిరాదు.

ఈ రోజే 7 సైకిల్స్‌కు మేకప్ నీరు (ఆవిరైనదీ వదిలినదీ కలిపి మళ్లీ పోసేది) ఎంతో కట్టి చూడండి. వెయ్యి కిలోలకు 20.3 రావాలి.