తెలుగు వినగానే వాడి భుజాలు బిగుసుకునేవి

డల్లాస్‌లో మా ఇంట్లో తెలుగు ఎప్పుడెప్పుడు వినిపిస్తుందో ఒకసారి లెక్కేసుకున్నాను. పొద్దున "లెయ్", "పళ్లు తోముకున్నావా?", "బస్సొచ్చేస్తోంది, తొందరగా!" సాయంత్రం "ఆ ఐప్యాడ్ పక్కన పెట్టు". రాత్రి కథ మాత్రం ఇంగ్లీషులో. ముద్దు మాటలూ ఇంగ్లీషులోనే. నేను "ఒరేయ్" అంటే చాలు, ఏడేళ్ల మా వాడి భుజాలు బిగుసుకునేవి.

అనంతపురంలో బీఎడ్ చదివేటప్పుడు పావ్లోవ్‌ని బట్టీ పట్టాను. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ తెచ్చుకున్న మనిషి. కుక్కకు తిండి పెట్టే ముందు రోజూ మెట్రోనోమ్ టిక్కుటిక్కుమనిపిస్తే, కొన్నాళ్లకు ఆ చప్పుడుకే దాని నోరూరుతుంది. దీన్నే శాస్త్రీయ నిబంధనం అంటారు. మా ఇంట్లో ఆ చప్పుడు తెలుగు, వెనకాలే వచ్చేది తిట్టు.

నాకు ముందు తోచింది, బహుమతి దొరికే పనిని మళ్లీ మళ్లీ చేస్తారన్న మనస్తత్వవేత్త స్కిన్నర్ దారి. ఫ్రిజ్ మీద చార్టు. తెలుగులో వాక్యానికో స్టార్, పది స్టార్లకో బొమ్మ కారు. "అమ్మా, నీళ్లు కావాలి, స్టార్?" అని ఒకే ఊపిరిలో అడిగేవాడు. కార్లు ఆగాయి, నీళ్లు మళ్లీ 'వాటర్' అయ్యాయి. పునర్బలనం, అంటే ఆ బహుమతి, ఆగితే విరమణ, అంటే అలవాటైంది మానేయడం. ఇదీ నేను పరీక్షలో రాసిందే.

ఈ వేసవిలో ఊరికి వెళ్లాం. మా అమ్మ చార్టులేం పెట్టలేదు. సాయంత్రం మిద్దె మీద చాప పరిచి, ఒళ్లో చాట పెట్టుకుని వేయించిన చెనిక్కాయలు ఒలిచేది. వాడు దూరంగా, నీళ్ల ట్యాంకు పక్కన. పిలిచేది కాదు. ఎదురింటి ఆవు గురించో, రాని వాన గురించో తన ధోరణిలో మాట్లాడుకుంటూ గింజలు చాప అంచున పోగేసేది. మొదటి రోజు వాడు ఆ పోగు పట్టుకుని ట్యాంకు దగ్గరికే పోయాడు. నాలుగో రోజు చాప అంచున కూర్చున్నాడు. వారం తిరిగేసరికి మోకాలికి ఆనుకుని "అవ్వా, ఇంకా" అన్నాడు.

"ఇంగ రెండే ఉండాయి నాయనా, నీకొగటి నాకొగటి."

కుందేలంటే జడిసే పీటర్ అనే పిల్లాడికి ఇష్టమైనది తినిపిస్తూ, కుందేలును కొంచెం కొంచెం దగ్గరికి జరిపి, ఆఖరికి వాడు దాన్ని నిమిరేలా చేసింది మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త. 1924 నాటి మాట. మా అమ్మ ఆ పేరే వినలేదు. విన్నదాన్ని నేను. "వానికి తెలుగు రాక కాదే, నీ గొంతుకు జడుస్తాండాడు" అని కూడా అనేసింది. నిజం కాబట్టి కోపమొచ్చింది.

తిరిగొచ్చాక బడి తెరిచిన రోజు "తొందరగా!" అని అరిచాను. భుజాలు మళ్లీ బిగుసుకున్నాయి. పోయిందనుకున్నది కొన్నాళ్లాగి తనంతట తనే తిరిగి రావడానికి మా పుస్తకంలో 'అయత్నసిద్ధ స్వాస్థ్యం' అని గంభీరమైన పేరుండేది. పలకడానికే భయపడేవాళ్లం.

ఇప్పుడు కసుర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చాను. మా ఆయన నవ్వుతాడు. నిన్న సాయంత్రం వంటింట్లోంచి "దా నాయనా" అని పిలిచాను. వచ్చాడు. నా మొహం చూడలేదు, ముందు నా చేతుల్లోకి చూశాడు.