మా ఊరి డిపోలో కొరాపుట్ కార్డు

మాది ఆనందపురం మండలంలో ఒక పల్లె. బంతి, చామంతి, లిల్లీ తోటల ఊరు. పూల కోతకీ కలుపుకీ నాలుగేళ్లుగా కొరాపుట్ వైపు నుంచి ఆరేడు కుటుంబాలు వస్తున్నాయి. చెరువుగట్టు మీద పాకలేసుకుని ఉంటారు. ఊళ్లో వాళ్లకి పేర్లు లేవు, 'ఒడిశా వోళ్లు' అంతే. మా తోటలోనే పనిచేస్తున్నా నేనూ అలాగే పిలిచేదాన్ని, దాచడమెందుకు.

2025 జూన్‌లో రేషన్ వ్యాన్లు ఆపేసి డిపోలు మళ్లీ తెరిచారు. నేను బియ్యం సంచితో వస్తుంటే కోతకొచ్చే అమ్మాయి ఆపింది. "అక్కా, మా కార్డు ఇక్కడ నడుస్తాదా?" ఇన్నాళ్లూ కొట్లో కొనుక్కు తింటోంది.

మర్నాడు డిపోకి తీసుకెళ్లాను. "వేరే రాష్ట్రం కార్డా? అవదమ్మా" అన్నాడు డీలరు, మిషను వైపు చూడకుండానే. 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు' పథకం కింద ఏ రాష్ట్రం కార్డుకైనా ఇవ్వాలి కదా అంటే నసిగాడు. చివరికి నంబరు కొట్టాడు. ఆమె ఆధార్ రేషన్ కార్డుకి జోడించి లేదని తేలింది. వాళ్ల ఊళ్లో ఉన్న ఆమె మరిది నాలుగుసార్లు తిరిగి అది చేయించేసరికి నెల గడిచిపోయింది.

రెండోసారి వేలిముద్ర పడలేదు. బంతిపూలు తెంపీ తెంపీ బొటనవేలు పసరుతో నల్లబడి, గీతలు అరిగిపోయాయి. నీళ్లతో కడిగాం, కొంగుతో తుడిచాం, పది వేళ్లూ పెట్టించాం. వెనక లైను గొణుగుతోంది. ఆఖరికి తోట నుంచి మొగుణ్ణి పిలిపిస్తే అతని ఉంగరపు వేలు పడింది. మనిషికి 5 కిలోల లెక్కన ముగ్గురికి 15 కిలోలు. మన రాష్ట్రం ఇచ్చే పంచదారలాంటివి వాళ్లకి రావు, కేంద్రం ఇచ్చే గింజలే.

గొడవ ఆ సాయంత్రం మొదలైంది. "మన కోటా ఆళ్లకి పోతే మనకేటి మిగుల్తాది?" అంది మా పెద్దమ్మ. మన కార్డులో గింజ కూడా తగ్గదని ఎంత చెప్పినా నమ్మలేదు. పైనెల తన బియ్యం తాను తూకం వేయించుకున్నాకే ఊరుకుంది. ఇప్పటికీ ముఖం మాత్రం చిట్లిస్తుంది.

వాళ్ల పిల్ల బడి విషయంలో ఇంత టెన్షన్ పడలేదు. టీసీ లేదంటే, విద్యాహక్కు చట్టం ప్రకారం దానికోసం చేర్చుకోకుండా ఆపకూడదని హెడ్మాస్టారే చెప్పి పిల్ల పేరు రాసుకున్నారు. రెండు నెలలు నోరు విప్పని పిల్ల ఇప్పుడు మా ఇంటికొచ్చి "ఏటి అత్తా, వండలేదా?" అంటోంది.

మొన్న ఏప్రిల్‌లో డీలరే నన్ను ఆపాడు.

"మీ కొరాపుట్ వోళ్లు రాలేదేటి ఈ నెల? 15వ తేదీ దాటితే నేనివ్వలేను."

చైత పరబ్ పండగకి ఊరెళ్లారని, ఈ నెల బియ్యం అక్కడే తీసుకుంటారని చెప్పాను.