ప్రొమిథియస్‌లో తప్పిన కొలతలు

రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 2012లో వచ్చిన ప్రొమిథియస్ నాకు చాలా ఇష్టమైన చిత్రం. కాంతిని మించిన వేగంతో సాగే నౌకను నేను ఏ అభ్యంతరమూ లేకుండా అంగీకరిస్తాను, ఎందుకంటే అది లేకపోతే కథే లేదు. నా బాధంతా చిత్రం తాను చెప్పిన కొలతను తానే మరచిపోయే చోట్ల గురించి. అంతరిక్షంలో జరిగే భయానక కథకు దూరమూ గాలీ ప్రాణం. వాటి కొలత తప్పితే భయం పలచబడుతుంది.

నౌక తొలిసారి కనిపించినప్పుడు తెర మీది అక్షరాలు తేదీ 2093 డిసెంబరు 21 అనీ, భూమి నుంచి దూరం 327 లక్షల కోట్ల కిలోమీటర్లనీ చెబుతాయి. కాంతికే 34 ఏళ్లకు పైగా పట్టే ఆ దూరం నక్షత్రాల మధ్య ప్రయాణానికి తగినదే. కానీ యాత్రను పర్యవేక్షించే విక్కర్స్, తాను భూమి మీది మగవాళ్లందరికీ 50 కోట్ల మైళ్ల దూరం వచ్చానని కెప్టెన్‌తో అంటుంది. అంటే సుమారు 80 కోట్ల కిలోమీటర్లు. మన గురుగ్రహం ఉండేది దాదాపు అంత దూరంలోనే. జూనో నౌక 2011లో బయలుదేరి 2016లో అక్కడికి చేరింది, అక్కడి నుంచి పంపే రేడియో సందేశం మనకు ముప్పావు గంటలో అందుతుంది. తెర మీది అంకెకూ ఆమె మాటకూ తేడా నాలుగు లక్షల రెట్లు. ఖగోళ శాస్త్రజ్ఞుడు నీల్ డిగ్రాస్ టైసన్ దీనిని ఎత్తిచూపడం సబబేనని నా అభిప్రాయం. దూరపు లోకంలో దిగి అక్కడి గుహల్లో చిక్కుకున్నవారి కోసం ఎవరూ రాలేరన్న నమ్మకమే చిత్రానికి ఆధారం కదా.

గాలి విషయంలో పొరపాటు ఇంకా పెద్దది. నౌక దిగిన చోట బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 3 శాతం మించిందనీ, సూటు లేకపోతే రెండు నిమిషాల్లో మరణమేననీ యాత్రా బృందంలోని ఫోర్డ్ హెచ్చరిస్తుంది. మనం వదిలే ఊపిరిలోనే ఆ వాయువు 4 శాతం దాకా ఉంటుంది. 3 శాతం వల్ల ఆయాసం, తలనొప్పి వస్తాయి. నిమిషాల్లో స్పృహ తప్పాలంటే 10 శాతమైనా ఉండాలి. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనకు ఉంచిన ఐఎన్ఎస్ కుర్సురా లోపల నడుస్తూ నేను ఈ సంగతి చెబితే, "అక్కా, మరి వీళ్లంతా ఎలా బతికారు?" అని మా తమ్ముడు అడిగాడు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన ఆ జలాంతర్గామిలో, మునిగి ఉన్నంతసేపూ డెబ్బై మందికి పైగా ఒకే గాలిని పంచుకునేవారు. అలాంటి చోట ఈ వాయువు కొద్దికొద్దిగా పెరిగి, ముందు తల బరువెక్కించి, తరువాత ఆలోచనను మందగింపజేస్తుంది. చిత్రం ఆ నెమ్మదితనాన్ని వాడుకొని ఉంటే మరింత భయపెట్టేది. గుహల పటం గీసే యంత్రాలను స్వయంగా వదిలిన భూగర్భ శాస్త్రజ్ఞుడు ఫిఫీల్డ్ అక్కడే దారి తప్పడానికి ఒక కారణమూ దొరికేది.

డేవిడ్ అనే మరమనిషి ప్రయాణకాలాన్ని రెండేళ్ల నాలుగు నెలల 18 రోజుల 36 గంటల 15 నిమిషాలని చెప్పడం చిన్న తప్పే. అయినా 36 గంటల్లో ఒక రోజు దాగి ఉందని యంత్రానికి తెలియాలి.

ఒక విషయంలో మాత్రం ఈ చిత్రం మీద వచ్చే నింద అన్యాయం. 1979లో స్కాటే తీసిన ఏలియన్‌లో ఒక గ్రహాంతర మహాకాయుడి శవం ఛాతీ చీలి కుర్చీలో ఉంటుంది, ఇక్కడ ఇంజనీర్ అని పిలిచే అలాంటి మహాకాయుడేమో విక్కర్స్ లైఫ్‌బోటులో చనిపోతాడు, కనుక పొంతన కుదరలేదంటారు. కానీ ఏలియన్ కథ జరిగే, మన చందమామ లాంటి ఉపగ్రహానికి 1986 నాటి రెండో చిత్రంలో పెట్టిన పేరు ఎల్‌వీ-426, ప్రొమిథియస్ దిగేది ఎల్‌వీ-223 మీద. ఉపగ్రహాలు వేరు, నౌకలు వేరు, శవాలూ వేరు.