గువ్వలచెరువు ఘాట్‌లో 124 డిగ్రీలు

మే నెలలో ఒక మధ్యాహ్నం అమ్మను తీసుకుని కడప నుంచి రాయచోటికి వెళ్తున్నాను. గువ్వలచెరువు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టగానే ముందు బండలు వేసుకున్న లారీ, దాని ముందు ఇంకో రెండు. మనిషి నడిచే వేగంతో ఎక్కుతున్నాం. ఒక మలుపు దాటాక కాస్త సందు దొరికి యాక్సిలరేటర్ నొక్కితే, ఇంజన్ గుర్రుమంది కానీ కారు కదల్లేదు. ఒక్క క్షణం తర్వాత వెనక నుంచి ఎవరో గుద్దినట్టు గేరు పడింది. "ఏమైందిరా, ఏమన్నా తగిలిందా?" అంది అమ్మ. ఏమీ లేదమ్మా అన్నాను. లోపల మాత్రం టెన్షన్ మొదలైంది.

నాది రెండు లీటర్ల టర్బో డీజిల్, ఆరు గేర్ల ఆటోమేటిక్. వారంటీ అయిపోయాక ఇంజన్ రీమ్యాప్ చేయించాను, అంటే శక్తి పెరిగేలా దాని కంప్యూటర్ సెట్టింగులు మార్పించాను. 320 న్యూటన్ మీటర్లున్న టార్క్, అంటే తిప్పే బలం, 390 దాకా వచ్చింది. ఇంటర్‌కూలర్ పెద్దది వేశాను, బ్రేకులు మార్చాను. గేర్‌బాక్స్ గురించి మాత్రం ఆలోచించలేదు. దాని ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని ఎక్కడో విన్నది నమ్మాను.

మా మెకానిక్ భాయ్ ఆయిల్ కొంచెం దించి తెల్ల గుడ్డ మీద చుక్క వేశాడు. కొత్తగా ఉన్నప్పుడు కుంకుమ రంగులో ఉండాల్సింది, కషాయంలా ఉంది. "వాసన చూడన్నా, మాడిపోయిండాది" అన్నాడు. రేడియేటర్ నీళ్లు కలిశాయా అని కూడా అప్పుడే చూశాడు. కలిస్తే రోజ్‌మిల్క్ లాగా అవుతుందట. అదృష్టం, కలవలేదు.

డ్రెయిన్ బోల్టు విప్పితే ఏడున్నర లీటర్లలో మూడున్నరే వచ్చింది. మిగతాది టార్క్ కన్వర్టర్లో (ఆటోమేటిక్‌లో క్లచ్‌కు బదులు ఉండి, ఇంజన్ తిరుగుడును ఆయిల్ ద్వారా గేర్లకు అందించేది), లోపలి దారుల్లో ఉండిపోతుంది. అందుకే దించడం, పోయడం, కొంచెం నడపడం, మళ్లీ దించడం. ఇలా మూడుసార్లు చేశాం. గేర్లు మెత్తగా పడుతున్నాయి, నేను సంబరపడ్డాను. భాయ్ పడలేదు. "ఎందుకు మాడిందో తెల్సుకోకుండా కొత్తది పోస్తే ఇది గూడా మాడుతాది" అన్నాడు. ఆ మాటే నన్ను ఈ పని అంతటికీ దింపింది.

డాష్‌బోర్డులో కనిపించే మీటరు ఇంజన్ నీళ్ల వేడి చెబుతుంది, గేర్‌బాక్స్‌ది కాదు. కారు కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ డాంగిల్ కొని ఫోన్‌కు కలిపాను. గేర్‌బాక్స్ ఆయిల్ వేడి మామూలు జాబితాలో రాదు, కారు మోడల్‌కు సరిపోయే కోడ్ యాప్‌లో వేసుకోవాలి. దానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. ఆ సెన్సర్ కూడా గేర్‌బాక్స్‌లో కలిసిన ఆయిల్ వేడినే చూపిస్తుంది. కన్వర్టర్ నుంచి అప్పుడే బయటికొచ్చే ఆయిల్ అంతకంటే బాగా వేడిగా ఉంటుంది.

నేను అనుకున్నదంతా ఆ అంకెలు తలకిందులు చేశాయి. కర్నూలు రోడ్డు మీద వంద స్పీడులో పోతే 91 డిగ్రీలు. సెవెన్ రోడ్స్ దగ్గర మధ్యాహ్నం ట్రాఫిక్‌లో 98. గువ్వలచెరువు ఘాట్‌లో, లారీల వెనక, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో, 124. నేను స్పీడు వల్లే వేడి అనుకున్నాను. స్పీడులో కన్వర్టర్ లాక్ అయిపోతుంది, ఇంజన్ తిరుగుడు నేరుగా గేర్లకు అందుతుంది, ఎదురుగాలి కూడా బాగా తగులుతుంది. ఎత్తు మీద నిదానంగా పోతున్నప్పుడు లాక్ ఉండదు. ఇంజన్ శక్తిలో పెద్ద భాగం ఆయిల్‌ను చిలకడానికే ఖర్చయి వేడిగా మారుతుంది. గాలి కూడా తగలదు. 80 నుంచి 95 మధ్య ఉంటే ఆయిల్‌కు హాయి. ఆపైన సుమారు పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాని ఆయుష్షు సగానికి సగం పడిపోతుందని ఈ పని తెలిసినవాళ్లు లెక్క వేస్తారు. 124 అంటే ఏమిటో మీరే లెక్కేసుకోండి.

ఇందులో నా తప్పు ఒకటి ఉంది, దాన్ని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఘాట్‌లో లారీ ఆగినప్పుడు నేను బ్రేకు తొక్కేవాణ్ని కాదు. యాక్సిలరేటర్ కొంచెం నొక్కి పట్టి, కారు వెనక్కి జారకుండా నిలబెట్టేవాణ్ని. ఏళ్ల తరబడి అలవాటు. చక్రాలు తిరగకుండా ఇంజన్ తిరుగుతుంటే, కన్వర్టర్లోకి పోయిన శక్తి మొత్తం వేడే అవుతుంది. అందులో పిసరంత కూడా కారును ముందుకు నడపదు. ఆ అలవాటు మానుకున్నాను. ఆగితే బ్రేకు, ఎక్కువసేపు ఆగితే హ్యాండ్‌బ్రేకు వేసి న్యూట్రల్. మాన్యువల్ మోడ్‌లో తక్కువ గేరు పట్టుకుని, ముందు లారీకి కాస్త దూరం వదిలి, ఆగకుండా ఒకే తీరుగా ఎక్కడం. ఇంచుమించు అలాంటి ఎండలోనే, అదే ఘాట్‌లో, 124 కాస్తా 116 అయింది. రూపాయి ఖర్చు లేకుండా ఎనిమిది డిగ్రీలు.

అయినా 116 ఎక్కువే. కంపెనీ వాళ్లు ఇచ్చిన కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది, అంటే ఇంజన్ నీళ్లతో చల్లబరుస్తుంది. ఆ నీళ్లే 90, 95లో ఉంటే ఆయిల్ అంతకంటే కిందికి ఎలా దిగుతుంది? అందుకే పలకలు పేర్చిన రకం విడి కూలర్ ఒకటి కొన్నాను. ఆయిల్ ముందు రేడియేటర్లోంచి వచ్చి, తర్వాత ఈ కూలర్ ద్వారా గేర్‌బాక్స్‌కు తిరిగి పోయేలా కలపాలి. వరుస తిరగబడితే చల్లబడిన ఆయిల్‌ను రేడియేటర్ మళ్లీ వేడి చేస్తుంది. మధ్యలో 80 డిగ్రీల దగ్గర తెరుచుకునే థర్మోస్టాట్ కూడా పెట్టించాను, అంతవరకు అది ఆయిల్‌ను కూలర్‌లోకి పోనివ్వదు. మన కడపలో దీంతో పనేంటి అని ఒకరు అడిగారు. జనవరి పొద్దున చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది, అది త్వరగా వేడెక్కడం కూడా గేర్‌బాక్స్‌కు అవసరమే.

కూలర్‌ను మొదట బిగించినవాళ్లు ప్లాస్టిక్ ట్యాగులను ఏసీ కండెన్సర్ (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీ) రెక్కల్లోంచి దూర్చి కట్టేశారు. పైపులకు డీజిల్ హోస్, మామూలు క్లాంపులు. నేనూ పక్కనే ఉన్నాను, నోరెత్తలేదు. పది రోజుల తర్వాత ఒక ఉదయం షెడ్డులో నల్లటి కడప బండ మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మరక కనిపించింది. వంగి వేలితో ముట్టుకుని చూశాను. జిగటగా, వాసన లేకుండా ఉంది. కొత్త ఆయిలే. తలెత్తి చూస్తే క్లాంపు అంచున ఇంకో చుక్క, రాలిపోవడానికి సిద్ధంగా వేలాడుతోంది. వేడికి హోస్ గట్టిపడి పట్టు వదిలేసింది. అది ఘాట్‌లో ఊడి ఉంటే గేర్‌బాక్స్ ఏమయ్యేదో ఊహించుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

జేసీబీలకు, ట్రాక్టర్లకు హైడ్రాలిక్ పైపులు చేసిచ్చే అంగడికి వెళ్లాను. మామూలు రకం 100 డిగ్రీల వరకే అని అంగడాయనే చెప్పి, అంతకు మించి తట్టుకునే పైపు తెప్పించి, రెండు చివర్లా మిషన్ మీద గట్టిగా నొక్కి క్రింపు చేసి ఇచ్చాడు. భాయ్ ఇనుప పట్టీలతో బ్రాకెట్ చేసి, కండెన్సర్‌కు వేలెడు సందు వదిలి కూలర్‌ను ముందు క్రాస్‌మెంబర్‌కు, అంటే బాడీకి అడ్డంగా ఉండే ఇనుప దూలానికి, బిగించాడు.

మిగిలింది లెవల్ చూడడం. నా గేర్‌బాక్స్‌కు ఆయిల్ ఎంతుందో ముంచి చూసే డిప్‌స్టిక్ లేదు. ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఇంజన్ ఆన్‌లో, కారు సమంగా నిలబెట్టి, లెవల్ బోల్టు విప్పి చూడాలి. సన్నగా ధార వచ్చి చుక్కలుగా మారితే సరి. ఎక్కువైతే నురగ కడుతుంది, తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, రెండూ వేడి పెంచేవే. వేసవిలో కడపలో మధ్యాహ్నం నిలబెట్టిన కారే 40 దాటి ఉంటుంది. అందుకని రాత్రంతా కారు భాయ్ షెడ్డులోనే వదిలి, తెల్లవారుజామున ఐదున్నరకు ఇద్దరం కలిసి పని మొదలుపెట్టాం. నేను ఫోన్ చూస్తూ 33, 35, 37 అని చదువుతుంటే ఆయన కింద పడుకుని బోల్టు విప్పాడు. సగం లీటరుకు పైగా కారింది. అంతకుముందు కొలవకుండా పోసిన ఫలితం అది.

మళ్లీ ఘాట్. 42 డిగ్రీల ఎండ, లారీలు యథాప్రకారం. అంకె 103 దగ్గర ఆగింది, దిగుతుంటే నాలుగు నిమిషాల్లో 92కు వచ్చింది. ఆగి ఉన్నప్పుడు ఏసీ చల్లదనం కొంచెం తగ్గింది, కూలర్ వదిలే వేడిగాలి కండెన్సర్‌కు తగులుతోంది కదా. దానికి నేను ఒప్పుకున్నాను. గువ్వలచెరువులో ఆగి అమ్మ పాలకోవా కొనుక్కునే లోపల నేను బానెట్ ఎత్తి, టార్చి వేసి, ఆ రెండు క్రింపులూ చేత్తో తడిమి చూశాను. పొడిగా ఉన్నాయి.